మెట్ల మీద సుత్తి

“ఇవాళ మధ్యాహ్నం దాకా ఇంటికి రాకు. డ్యూటీ అయిపోయినా సరే, అక్కడే ఎక్కడో కూర్చో.”

అన్నయ్య ఫోనులో నర్సుతో అన్న మాట ఇది. ఎందుకని ఆమె అడిగేలోపే అతను పెట్టేశాడు. తిరిగి చేస్తే ఎత్తలేదు.

చెప్పిన పని చెయ్యడం ఆమెకి అలవాటే. ఎనిమిదేళ్ళుగా ఎమర్జెన్సీ వార్డులో చేస్తున్నది అదే. కానీ ఇవాళ అన్నయ్య గొంతు ఆమెకి నచ్చలేదు. కోపమొస్తే అరుస్తాడు, భయమేస్తే నవ్వుతాడు. ఇవాళ రెండూ చెయ్యలేదు. ఎవరో రాసిచ్చింది చదివినట్టు చెప్పాడు. యూనిఫాం కూడా మార్చుకోకుండా ఆస్పత్రి గేటు దాటింది. అప్పటికి పదిన్నరైంది. ఎండ నెత్తి మీదికి ఎక్కుతోంది.

ఆస్పత్రి నుంచి ఇంటికి పన్నెండు నిమిషాల నడక. ఇంత గొడవా ఆ పన్నెండు నిమిషాల కోసమే. ఊరి నడిబొడ్డున, అద్దాల షాపుల వెనక ఇరుకు వీధిలో, పెచ్చులూడిన మూడంతస్తుల ఇల్లు. ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్ళే పొద్దున్నే వెళ్ళి ఆ షాపులు తుడిచేవాళ్ళు, ఆ హోటళ్ళలో అంట్లు తోమేవాళ్ళు, ఆ ఆస్పత్రిలో కట్లు కట్టేవాళ్ళు. పని కాగానే కాళ్ళీడ్చుకుంటూ అయినా నడిచి ఇల్లు చేరేవాళ్ళు. ఆ అద్దెకి ఇంత దగ్గరలో ఇంకో వాటా దొరకదు. ఊరి బయటికి పోతే బతుకులో సగం బస్సుల్లోనే అయిపోతుంది.

కొత్త ఓనరుకి ఆ స్థలంలో కార్ల పార్కింగు కావాలి. ఖాళీ చేయించడానికి వీల్లేదని కోర్టు చెప్పింది. అతను నీళ్ళ పైపు కోయించాడు. తర్వాత కరెంటు వైరు కోయించాడు. ఒక్కో కుటుంబమే సామాను బండికెక్కించి వెళ్ళిపోగా మిగిలినవి రెండే వాటాలు. మొదటి అంతస్తులో నర్సు, అమ్మ, అన్నయ్య. పై అంతస్తులో ప్రెస్సు తాతయ్య. తాతయ్య వీళ్ళకి ఏమీ కాడు. నలభై ఏళ్ళు ప్రెస్సులో అక్షరాలు పేర్చి కళ్ళూ మోకాళ్ళూ పోగొట్టుకున్న మనిషి. అమ్మ అన్నం పంపిస్తే తింటాడు, పంపకపోతే అడగడు. కింద వీధి వైపు అన్నయ్య వెల్డింగ్ షాపు. పైకి వెళ్ళడానికి ముందు వైపు కాంక్రీటు మెట్లు, పెరటి వైపు ఇనుప మెట్లు.

వీధి మలుపు తిరగగానే దబ్ దబ్‌మని చప్పుడు వినిపించింది. ఎదుటి మంగలి షాపు ముందు జనం గోడకి ఆనుకుని నిలబడి చూస్తున్నారు. ఒక్కరూ వీధి దాటడం లేదు.

“వెళ్ళకమ్మా,” అన్నాడు మంగలి, భుజాన తువ్వాలుతో. “నలుగురొచ్చారు. మీ అన్నయ్య ఒక్కడే ఉన్నాడు.”

“పోలీసులకి చెప్పారా?”

“చెప్పాం. వస్తామన్నారు. అరగంటైంది.”

ఆమె వీధి దాటింది.

లోపల నలుగురూ మెట్ల దగ్గరే ఉన్నారు. ముందున్నవాడు సుత్తి. ఓనరు మనిషి. నోరు తెరిస్తే ఎదుటివాడు సోలిపోయేదాకా వాగుతాడని వీధంతా కలిసి పెట్టిన పేరది. ఇవాళ చేతిలో కూడా అదే ఉంది. రాళ్ళు పగలగొట్టే పెద్ద సుత్తి. మిగతావాళ్ళ చేతుల్లోనూ అలాంటివే.

అన్నయ్య మొదటి మెట్టుకి ఇవతల, ఇనుప కడ్డీ రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నాడు. నుదురు పగిలి నెత్తురు కనుబొమ్మ మీదుగా కారుతోంది. నేల మీద ఒకడు మోచెయ్యి పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. అంటే అన్నయ్య కూడా ఊరికే లేడు.

“చూడు తమ్ముడూ,” అంటున్నాడు సుత్తి, పెళ్ళి సంబంధం మాట్లాడటానికి వచ్చినంత తీరిగ్గా. “నీతో నాకేం పగ? నాకూ అక్కాచెల్లెళ్ళున్నారు. నాకూ అద్దిల్లే. మెట్లు రెండు వరసలు కొట్టేసి వెళ్ళిపోతాం. మెట్లు లేని ఇంట్లో మీరు మాత్రం ఎన్నాళ్ళుంటారు? మీ అంతట మీరే...”

మాట మధ్యలో ఉండగానే సుత్తి ఊపాడు. మాట ఆగలేదు, దెబ్బా ఆగలేదు. అది అన్నయ్య ఎడమ మోకాలి పక్కన తగిలింది. పచ్చి కొమ్మ విరిగినట్టు వినిపించింది. అన్నయ్య కడ్డీతో సహా కూలిపోయాడు.

“అన్నయ్యా!”

సుత్తి వెనక్కి తిరిగాడు. “అరె, చెల్లెమ్మా! డ్యూటీ నుంచి వస్తున్నావా? అలా పక్కన నిలబడమ్మా, దుమ్ము పడుతుంది.”

ఆమె అతని మీదకి దూకింది. మొహం మీద గోళ్ళు దిగాయి. ఒకడు జుట్టు పట్టి వెనక్కి లాగి గోడకేసి కొట్టాడు. కళ్ళ ముందు తెల్లగా ఏదో మెరిసింది, నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది. మళ్ళీ లేచేసరికి సుత్తి, ఇంకో ఇద్దరూ మెట్లెక్కుతున్నారు. దెబ్బ తిన్నవాడు మాత్రం మోచెయ్యి పట్టుకుని గేటు వైపు నడుస్తున్నాడు.

“పైన అమ్మ ఉందా?” అని అరిచింది.

“తాతయ్య గదిలో ఉంది. గడియ పెట్టుకుంది,” అన్నాడు అన్నయ్య పళ్ళ బిగువున. “నువ్వు పోకు.”

ఆమె మెట్ల వైపు పరిగెత్తింది. రెండో అడుగు పడేలోగా చీలమండ దగ్గర ఉడుంపట్టు. అన్నయ్య. విరిగిన కాలుతో పాక్కుంటూ వచ్చి పట్టుకున్నాడు.

“వదులు!”

“పోకన్నానా!”

“అమ్మ ఉంది పైన! నీకేమైనా పిచ్చా? వదులన్నయ్యా!”

రెండో కాలితో అతని భుజం మీద తన్నింది. అతను వదల్లేదు. ఇంకా గట్టిగా లాగాడు. ఆమె మోకాళ్ళ మీద పడింది, మొదటి మెట్టుకి బెత్తెడు దూరంలో. మెట్ల మధ్యలో నిలబడి సుత్తి వాళ్ళిద్దర్నీ చూసి నవ్వాడు.

“అన్నాచెల్లెళ్ళు బాగానే కొట్టుకుంటున్నారే. ఇక మాకు పనేముంది?” అని పక్కవాళ్ళకి సైగ చేశాడు. మూడు సుత్తులూ ఒకేసారి లేచాయి, ఒకేసారి దిగాయి.

మూడో దెబ్బకి మెట్ల వరస మొత్తం ఊడిపోయింది.

విరిగి పడలేదు. ఎవరో కింద చాప లాగేసినట్టు, పై కొస నుంచి కింది కొస దాకా ఒక్క ముక్కగా కిందికి దిగి, నేలకి తగిలాక పగిలింది. భూమి అదిరింది. షాపు షట్టరు గలగలలాడింది. తెల్లటి దుమ్ము తెరలా లేచింది. అందులోంచి మనిషి గొంతులా లేని కేక ఒకటి వచ్చింది. వీధిలో ఎవరో “ఇల్లంతా పడిపోతోంది, దూరంగా పొండి!” అని అరిచారు. చెప్పుల చప్పుళ్ళు దూరమయ్యాయి.

దుమ్ము కాస్త తగ్గేసరికి కనిపించింది. ముగ్గురిలో ఒకడు కుంటుతూ గేటు దాటి పారిపోతున్నాడు. ఇంకొకడు కాంక్రీటు పలక కింద ఉన్నాడు. బయటికి కనిపిస్తున్నది ఒక చెయ్యి, సగం మొహం. నర్సు అతని మెడ మీద వేళ్ళు పెట్టి చూసింది. మణికట్టు దగ్గర చూసింది. ఏమీ లేదు. రోజూ చూసేదే. కానీ ఇంటి గుమ్మంలో చూడటం వేరు.

సుత్తి రెండు పలకల మధ్య వెల్లకిలా పడి ఉన్నాడు. పగిలిన కాంక్రీటులోంచి పొడుచుకొచ్చిన చువ్వ అతని కుడి తొడ మొదట్లో చీల్చుకుంటూ పోయింది. నెత్తురు కారడం లేదు, ఎగజిమ్ముతోంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక జిమ్ము.

ఆ నిమిషంలో ఆమె నిజంగా ఆగింది. దాచడమెందుకు? అమ్మ ఇరవై రోజులుగా వీధి చివర నుంచి మోసిన నీళ్ళ బిందెలు గుర్తొచ్చాయి. అన్నయ్య మోకాలు విరిగిన చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. ఇక్కడ ఏమీ చెయ్యకపోవడమే చాలు. మూడు నిమిషాలు గోడ వైపు తిరిగి నిలబడితే చాలు.

చేతులు మాత్రం ఆమె కోసం ఆగలేదు. మోకాళ్ళ మీద కూర్చుని పిడికిలి బిగించి గజ్జలో గుచ్చి, ఒంటి బరువంతా దాని మీద వేసింది. కట్టు కట్టడానికి వీల్లేని చోటది. నొక్కి పట్టుకోవాలి, అంతే. జిమ్ము ఆగింది.

“అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి!” అని వీధి వైపు అరిచింది. “చేశాం!” అని దూరం నుంచి మంగలి గొంతు. లోపలికి మాత్రం ఎవరూ రాలేదు.

“చెల్లెమ్మా,” అన్నాడు సుత్తి. పెదాలు సున్నం కొట్టినట్టున్నాయి. “చల్లగా ఉందేంటమ్మా? ఎండలోనే కదా ఉన్నాం. నాకు చిన్నప్పట్నుంచీ చలంటే...”

“మాట్లాడకు.”

“మాట్లాడకపోతే పోతానేమోనని భయమమ్మా.”

మొదటిసారి ఆమెకి అతని వాగుడు అర్థమైంది. చూపు పక్కకి తిప్పుకుంది. అప్పుడు కనిపించింది దూలం.

మెట్ల కింద ఉండే రెండు ఇనుప దూలాల్లో ఒకటి, అతని తల పక్కనే అడ్డంగా పడి ఉంది. దాని కొస ఆమె మొహానికి జానెడు దూరంలో ఉంది. సుత్తి దెబ్బకి విరిగిన ఇనుము ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. తుప్పు పట్టి విరిగినదీ తెలుసు. ఇది ఆ రెండూ కాదు. చాకుతో వెన్న కోసినట్టు తిన్నగా తెగింది. అంచు వెంట నీలం రంగు తిరిగింది. కింద వరసగా కరిగి గడ్డకట్టిన ఇనుప బొట్లు. చివర వేలెడు మందం మాత్రం కొయ్యకుండా వదిలేసిన చోట లోహం చిరిగి ఉంది.

గ్యాస్ కట్టరు. చిన్నప్పుడు నాన్న షాపులో, తర్వాత అన్నయ్య షాపులో, ఆ మంట పక్కన కూర్చునే చదువుకుంది. ఈ ఇంట్లో కట్టరు ఉన్నది ఒక్కరి దగ్గరే.

అన్నయ్య గోడకి జేరబడి ఉన్నాడు. ఆమె దూలాన్ని చూడటం చూశాడు.

“నా కాలు పట్టుకున్నది అందుకా?” అంది.

అతను తల ఊపాడు.

“ఎప్పుడు కోశావు?”

“పొద్దున. నువ్వు డ్యూటీలో ఉండగా. అమ్మని పైకి పంపించేశాక.” నుదుటి మీది నెత్తురు చేత్తో తుడుచుకున్నాడు. “ఇవాళొస్తారని తెలిసింది. మెట్లు కొడతారని తెలిసింది. కొట్టుకోనీ అనుకున్నా. అనుమానం రాకూడదని కాసేపు అడ్డం నిలబడ్డా. వాళ్ళ సుత్తితో వాళ్ళే పోతారు. మన మీదికి ఏం రాదు.”

“ఒకడు చచ్చిపోయాడన్నయ్యా.”

“చూశా.”

“చూశావా? వాడికి ఎన్నేళ్ళుంటాయో చూశావా?”

“మరి నన్నేం చెయ్యమంటావు?” అన్నయ్య గొంతు మొదటిసారి పగిలింది. “పోలీసుల దగ్గరికి ఎన్నిసార్లు తిరిగాం? కోర్టు కాగితం గోడకి అతికిస్తే వాడు దాని మీద ఉమ్మేశాడు. వీధి వీధంతా గోడకి ఆనుకుని చూస్తోంది. నాకు ఇనుము కొయ్యడం తప్ప ఇంకేం వచ్చు? నిన్ను రావద్దన్నాను కదా! ఎందుకొచ్చావు?”

సుత్తి వింటున్నాడు. కళ్ళు సగం మూసుకుని, నవ్వుతున్నట్టు మూతి పెట్టి వింటున్నాడు.

“తమ్ముడూ,” అన్నాడు మెల్లగా. “నేనే నిన్ను తక్కువగా చూశాను. నేను బతికితే ఈ మాట నలుగురికీ చెబుతాను. నా సంగతి తెలుసు కదా, నోట్లో నువ్వుగింజ నానదు.”

అన్నయ్య చెల్లెలి పిడికిలి వైపు చూశాడు, ఆ పిడికిలి కింద తడిసిన గుడ్డ వైపు చూశాడు. ఆ చూపుకి అర్థం ఆమెకి తెలియకపోలేదు.

“నాకేసి చూడు,” అంది. “అలా చూడకు వాణ్ణి. నాకేసి చూడు.”

అతను చూశాడు.

“వీళ్ళు పెరటి వైపు నుంచి వస్తే?” అని అడిగింది. అడుగుతుండగానే ఆమెకి జవాబు తెలిసిపోయింది. అన్నయ్య పని సగం చేసి వదిలేసే మనిషి కాదు. “వెనక మెట్లు కూడా కోశావా?”

అతను తల తిప్పి పెరటి వైపు చూశాడు.

సరిగ్గా అప్పుడే పై అంతస్తు నుంచి అమ్మ గొంతు. “ఒరేయ్! ముందు మెట్లు పోయాయిరా! మీరెక్కడున్నారు? తాతయ్యని వెనక నుంచి దింపుతున్నా!”

“వద్దమ్మా!” ఇద్దరూ కలిసి అరిచారు. జవాబు లేదు. అప్పటికే ఆమె గొంతు పెరటి వైపు తిరిగిపోయింది.

అన్నయ్య లేవబోయాడు. విరిగిన కాలు కింద మడతపడి మొహం మీద పడ్డాడు. మళ్ళీ లేవబోయాడు. మళ్ళీ పడ్డాడు. ఆమె పిడికిలి తీస్తే మూడు నిమిషాల్లో ఒకడు చస్తాడు. తియ్యకపోతే అమ్మ.

“ఇటు రా. పాక్కుంటూ రా!”

మోచేతుల మీద వచ్చాడు. ఆమె అతని కుడి చెయ్యి పట్టుకుని, పిడికిలి చేసి, తన పిడికిలి పక్కన పెట్టి, తనది తీస్తూ అతనిది దింపింది. రెండింటి మధ్య సందులోంచి నెత్తురు ఒక్కసారి ఎగిరి ఇద్దరి మొహాల మీదా పడింది.

“ఇక్కడ. ఇంకా కిందికి. ఒళ్ళంతా దీని మీద వెయ్యి. లోపల కొట్టుకోవడం తెలుస్తోందా?”

“తెలుస్తోంది.”

“అది నీ చేతి కింద ఆగే ఉండాలి. అంబులెన్సు వచ్చేదాకా తియ్యకు. నా మీద ఒట్టు.”

ఒట్టు వేశాడో లేదో చూడటానికి ఆగలేదు. షాపు లోపలి నుంచి గ్యాస్ సిలిండర్లు దాటుకుంటూ, వెనక తలుపు తన్నుకుంటూ పెరట్లోకి పడింది.

మొదటి అంతస్తు నుంచి నేల దాకా ఉన్న ఇనుప మెట్ల వరస కాళ్ళు రెండూ నరికి ఉన్నాయి. గోడలోకి దిగిన రెండు బోల్టుల మీద మాత్రమే ఆ బరువంతా వేలాడుతోంది. ఆ వరస మీద, పైనుంచి నాలుగో మెట్టు మీద, తాతయ్య చెయ్యి తన మెడ చుట్టూ వేసుకుని అమ్మ.

“అమ్మా, ఆగు! ఉన్నచోటే ఉండు!”

అమ్మ కిందికి చూసింది. తెల్ల యూనిఫాం మీద మెడ నుంచి మోకాళ్ళ దాకా ఎర్రగా కనిపించింది. “అయ్యో, నా తల్లీ! ఏం చేశారే నిన్ను!” అంటూ గబగబా ఇంకో రెండు మెట్లు దిగేసింది.

“నాది కాదమ్మా ఆ నెత్తురు! నాకేం కాలేదు! కదలొద్దు!”

మెట్ల వరస గోడ నుంచి బెత్తెడు దూరం జరిగింది. ఒక బోల్టు సున్నపు పెళ్ళతో సహా ఊడి వచ్చి ఆమె కాళ్ళ ముందు పడింది. అమ్మ ఒక చేత్తో కమ్మీ పట్టుకుని అలాగే బిగుసుకుపోయింది.

“ఏంటమ్మాయ్, ఉయ్యాలెక్కించారా నన్ను?” అన్నాడు తాతయ్య. కళ్ళు సరిగ్గా కనిపించవు ఆయనకి.

పెరట్లో అన్నయ్య ఇనుప సామాను గుట్టగా ఉంది. ఆమె ఒక లావుపాటి పైపు లాగింది. అది తన బరువంత ఉంది. ఒక కొస నేలలో గుచ్చి, రెండో కొస మెట్ల అంచు కింద దూర్చి, భుజం ఆనించి పైకి నెట్టింది. చర్మం తెగింది. ఎముక నలుగుతున్నట్టు నొప్పి. మెట్లు జరగడం ఆగింది.

“ఇప్పుడు తాతయ్యని వెనక్కి ఎక్కించు. ఒక్కో మెట్టే. నెమ్మదిగా. నేను పట్టుకున్నాను.”

“నువ్వెంతసేపు పడతావే?”

“పడతానమ్మా. ఎక్కు.”

అమ్మ ఒక మెట్టెక్కింది. తాతయ్య కాలు గాల్లో తడుముకుని, మెట్టు దొరికి, ఆనింది. పైపు కిర్రుమంది. ఇంకా అయిదు మెట్లు. ఇంకా నాలుగు. ఆమె కళ్ళల్లోకి చెమట దిగుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఊపిరి బిగబట్టి, అమ్మ పాదాల్నే చూస్తోంది.

అప్పుడు ముందు వైపు నుంచి, కూలిన మెట్ల మధ్య నుంచి, ఎన్నడూ మాటలకి తడుముకోని మనిషి గొంతు తడబడుతూ వినిపించింది.

“చెల్లెమ్మా... మీ అన్నయ్య... చెయ్యి తీసేశాడమ్మా.”